పాఠం 17: చీమలు గింజలు దాస్తాయట

ఈ పాఠం తెలుగు తడుముకోకుండా చదవగలిగే పిల్లల కోసం. సుమారు 9 నుంచి 13 ఏళ్ల వాళ్లకు సరిపోతుంది. ఇంట్లో అమ్మానాన్నలతో చేయవచ్చు, ఆదివారం క్లాసులోనూ చేయవచ్చు. మొదలుపెట్టే ముందు మీ ఇంట్లో ఉన్న తెలుగు బైబిలు తీసి, సామెతల గ్రంథం 6వ అధ్యాయం 6 నుంచి 8 వచనాలు ఎవరో ఒకరు పైకి చదవండి. అది పాతకాలపు తెలుగు కాబట్టి మొదటిసారి అంతా అర్థం కాకపోయినా ఫరవాలేదు. బద్ధకంగా పడుకున్న మనిషిని పిలిచి, వెళ్ళి చీమను చూసి బుద్ధి తెచ్చుకోమంటాడు రచయిత. దాని నెత్తిన అధికారి లేడు, వెనక నిలబడి పని చేయించేవాడు లేడు, అయినా వేసవిలో, కోతల కాలంలో తన తిండి తాను సమకూర్చుకుంటుంది అంటాడు. సామెతలు 30:25లో చీమ ఇంకోసారి కనిపిస్తుంది. అది కూడా చదవండి.

ఇవాళ మనం నేర్చుకునే తెలుగు చాలా చిన్నది, ఒక్క అక్షరం. మాట చివర వచ్చే ‘ట’. చీమలు గింజలు దాస్తాయి. చీమలు గింజలు దాస్తాయట. ఈ రెండూ ఒకటి కావు.

సంభాషణ

(టెక్సాస్‌లో ఒక ఇంటి పెరడు. తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ, ఆరో తరగతి చదివే మనవరాలు.)

మనవరాలు: అమ్మమ్మా, చీమలకి రాణి ఉంటుంది కదా! మరి బైబిల్లో వాటికి అధికారి లేడని ఎందుకు రాశారు?

అమ్మమ్మ: రాణి ఉందని ఎవరు చెప్పారే?

మనవరాలు: మా సైన్స్ టీచర్.

అమ్మమ్మ: అయితే ఆ రాణి ఏం చేస్తుందట?

మనవరాలు: గుడ్లు పెడుతుందట.

అమ్మమ్మ: మరి మిగతా చీమలకి పని చెబుతుందటా?

మనవరాలు: అది టీచర్ చెప్పలేదు.

అమ్మమ్మ: అయితే రేపు అడిగి రా తల్లీ. నాకూ తెలీదు. మా పెరట్లో చీమలు నూకలు లాక్కుపోవడం నా కళ్ళతో చూశాను. లోపల దాచుకుంటాయని మాత్రం మా నాయనమ్మ చెబితే విన్నాను. పుట్ట లోపలికి వెళ్ళి చూసిందెవరు?

మనవరాలు: తవ్వి చూద్దామా?

అమ్మమ్మ: వద్దే బాబూ! ఏడు చేపల కథలో చీమ ఏమందో గుర్తులేదా?

అమ్మమ్మ మాటలు ఇంకోసారి చదవండి. ఆమె పెద్ద చదువులు చదివిందో లేదో మనకు తెలియదు. కానీ తను చూసింది ఏదో, విన్నది ఏదో కలిపేయకుండా విడివిడిగా చెప్పింది. తెలుగు ఆమెకు అందులో సాయం చేస్తుంది. మనం కళ్ళారా చూస్తే ‘వచ్చింది’ అంటాం. ఎవరో చెబితే విన్నదైతే ‘వచ్చిందట’ అంటాం. మన గురించి మనమే అయినా, మనకు గుర్తులేని సంగతి అయితే ‘ట’ పడుతుంది: నేను పుట్టినప్పుడు పెద్ద వాన కురిసిందట, నేను చిన్నప్పుడు తెగ ఏడ్చేదాన్నట. ఈ ‘ట’ ఉన్నంత మాత్రాన చెప్పింది అబద్ధం అని కాదు. నేను చూడలేదు, విన్నాను అని మాత్రమే. దేశం దాటి పెరిగిన పిల్లలు మొదట మర్చిపోయే చిన్న ముక్కల్లో ఇదొకటి. ఇంగ్లీషులో అలవాటు లేదు కాబట్టి చూసిందీ విన్నదీ ఒకేలా చెప్పేస్తారు. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం.

చదువుదాం: పాతర

మన ఊళ్ళల్లో పూర్వం ధాన్యం దాచడానికి నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, ధాన్యం పోసి, పైన మట్టి కప్పేవాళ్ళు. దాన్ని పాతర అంటారు. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో, ఇజ్రాయేలు, పాలస్తీనా ప్రాంతంలో కూడా, మెస్సార్ అనే జాతి చీమలు సరిగ్గా ఇలాంటి పాతరలే కడతాయి. అక్కడ శీతాకాలంలో వానలు, వేసవిలో ఎండ. బార్లీ, గోధుమ కోతలు వసంతం నుంచి వేసవి మొదటి వరకు. గడ్డి విత్తనాలు, రాలిన ధాన్యం దొరికే ఆ రోజుల్లో ఈ చీమలు బారులు తీరి గింజలు మోస్తాయి. నేల కింద గదుల్లో పేరుస్తాయి. పొట్టు వలిచి బయట పడేస్తాయి. పుట్ట పక్కన ఆ పొట్టు కుప్పగా పేరుకుంటుంది, రైతు కళ్ళం పక్కన పేరుకున్నట్టే.

నేల కింద తడి తగిలితే గింజ మొలకెత్తుతుంది కదా? అప్పుడు మొలక వేరును చీమలు కొరికేస్తాయి. తడిసిన గింజల్ని బయటికి తెచ్చి ఎండలో ఆరబెట్టి మళ్ళీ లోపలికి చేరుస్తాయి. తినేటప్పుడు గింజను దవడలతో నలిపి, లాలాజలంతో కలిపి ముద్ద చేస్తాయి. అమ్మ పిండి తడిపినట్టు!

ఇదంతా ఇప్పుడు మనకు తెలుసు. కానీ 18వ, 19వ శతాబ్దాల్లో ఐరోపాలో పేరున్న పండితులు కొందరు దీన్ని నమ్మలేదు. వాళ్ళు చూసిన చీమలు ఇంగ్లండువి, ఉత్తర ఐరోపావి. చలికాలం రాగానే అవి కదలకుండా ఉండిపోతాయి, గింజలు దాచవు. అందుకని, పూర్వులు పొరబడ్డారు, చీమలు మోసే తెల్లటి ప్యూపాలను చూసి గింజలనుకున్నారు అని వాళ్ళు రాశారు. (మనవాళ్ళు కూడా వాటిని చీమ గుడ్లు అంటారు. నిజానికి గుడ్లు అంతకంటే చాలా చిన్నవి. బియ్యపు గింజల్లా కనబడేవి చీమ పిల్లలూ ప్యూపాలూ.)

ఆ పండితుల కళ్ళు మంచివే. చూసింది సరిగానే చూశారు. ‘మా ఊరి చీమలు గింజలు దాయవు’ అని ఆగి ఉంటే గొడవే లేదు. ‘చీమలు గింజలు దాయవు’ అనేశారు. ప్రపంచంలో గుర్తించిన చీమల రకాలు 12,000 పైనే ఉన్నాయి.

మొగ్రిడ్జ్ అనే ఇంగ్లీషు యువకుడు ఆరోగ్యం బాగాలేక చలికాలాలు దక్షిణ ఫ్రాన్సులో, సముద్రం ఒడ్డున ఉన్న మెంటన్ అనే ఊళ్ళో గడిపేవాడు. అక్కడి చీమల్ని నెలల తరబడి గమనించాడు. పుట్టలు తవ్వి గింజల గదులు చూశాడు, ఏయే మొక్కల విత్తనాలో పరీక్షించాడు. 1873లో పుస్తకం వేశాడు. అప్పటితో ఐరోపాలో వాదన తేలిపోయింది. అతను ఆ తరువాతి సంవత్సరమే, ముప్పై రెండేళ్లకే చనిపోయాడు.

అయితే అతనికంటే ముందే మన దేశంలో ఈ సంగతి చూసి రాసినవాళ్ళున్నారు. పూణేలో సైక్స్ అనే సైనికాధికారి, చీమలు వాన తరువాత గడ్డి విత్తనాలు బయటికి తెచ్చి ఆరబెట్టడం చూశాడు. కొన్నాళ్ళు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా ప్రచురించాడు. కొన్ని చీమలు తోటలో చల్లిన విత్తనాలు ఎత్తుకుపోవడం గురించి అందులో రాశాడు. ఆ మాట వింటే నెల్లూరు తోటమాలి నవ్వి ఉండేవాడు. ఆయనకు అది కొత్త సంగతి కాదు మరి.

కొన్ని మాటలు

‘కనిపెట్టు’ అనే మాట బైబిల్లో ఈ వచనంలోనే ఉంది. ఇప్పుడు మనం ఈ మాటను ‘కొత్తగా తెలుసుకోవడం, తయారుచేయడం’ అనే అర్థంలో వాడుతున్నాం: బల్బు కనిపెట్టారు, మందు కనిపెట్టారు. పాత అర్థం వేరు. కన్ను పెట్టడం, అంటే కన్ను ఆనించి జాగ్రత్తగా చూడటం. ‘పాలు పొంగిపోతాయేమో కాస్త కనిపెట్టి ఉండు’ అని అమ్మ అంటే ఆ పాత అర్థమే. ఈ వచనంలో కావలసింది కూడా అదే.

‘మీసాలు’: సైన్సు పుస్తకంలో స్పర్శ శృంగాలు అని ఉంటుంది. పరీక్షలో అది రాయండి. ఇంట్లో మీసాలు అంటే చాలు.

‘పేనుబంక’: గులాబీ కొమ్మలకు, చిక్కుడు తీగలకు పట్టే చిన్న చిన్న ఆకుపచ్చ, నల్ల పురుగులు. ఇంగ్లండులో పెరట్లో కనిపించే నల్ల చీమలు గింజలు దాయవు కానీ ఈ పేనుబంకను కాపలా కాసి, అది వదిలే తియ్యటి రసం తాగుతాయి. ఆవును కాసుకుని పాలు పితుక్కున్నట్టు అని చాలామంది పోలుస్తారు.

ఇక క్రియాపదం. చీమ వచ్చింది. అక్క వచ్చింది. అన్న వచ్చాడు. ఏకవచనంలో తెలుగు అక్కనీ చీమనీ ఒకే గాటన కడుతుంది. పుట్టలో మనకు కనబడే పని చీమలన్నీ ఆడవే, ఒకే తల్లి పిల్లలు, అక్కచెల్లెళ్ళు. మగ చీమలు పుట్టేది రెక్కలతో, కొద్దికాలం బతకడానికి. గింజలు మోసేది అవి కాదు. కాబట్టి ‘చీమ గింజ తెచ్చింది’ అంటే వ్యాకరణమూ సరే, జీవశాస్త్రమూ సరే. బహువచనంలో మాత్రం జాగ్రత్త: అక్కలు వచ్చారు, చీమలు వచ్చాయి. ‘చీమలు వచ్చారు’ అంటే అమ్మమ్మ కాఫీ పెట్టడానికి లేస్తుంది.

రాణి సంగతి

మనవరాలి ప్రశ్నకు వద్దాం. చీమలకు రాణి ఉంది, మరి అధికారి లేనట్టు ఎలా?

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డెబొరా గోర్డన్ అనే శాస్త్రవేత్త ఉన్నారు. (హీబ్రూలో దెబోరా అంటే తేనెటీగ. చీమల మీద పనిచేసే ఆవిడకు మంచి పేరే.) ఆవిడ 1980ల నుంచి అరిజోనా, న్యూ మెక్సికో సరిహద్దు దగ్గరి ఎడారిలో గింజలు చేర్చే ఎర్ర చీమల్ని గమనిస్తున్నారు. ఆ చీమల పుట్ట ఇరవై ఏళ్ళు దాటి బతుకుతుంది. ఆ పుట్ట రాణి కూడా అంతకాలమూ ఉంటుంది, పని చీమలు మాత్రం ఒక ఏడాదో ఏమో. రాణి లోపల గదిలో ఉండి గుడ్లు పెడుతుంది. ఎవరికీ ఏ పనీ చెప్పదు. చెప్పే దారి కూడా లేదు.

మరి పని ఎలా జరుగుతుంది? గింజతో తిరిగొచ్చిన చీమ ద్వారం దగ్గర ఎదురైన చీమలను మీసాలతో తాకుతుంది. ఒంటి మీది వాసన బట్టి, వచ్చింది గింజలు తెచ్చే చీమ అని లోపలి చీమకు తెలుస్తుంది. అలా త్వరత్వరగా ఎక్కువ చీమలు వచ్చి తాకితే లోపలున్నవి బయలుదేరతాయి. వచ్చేవి తగ్గితే ఆగిపోతాయి. అంతే. గొప్ప ప్రణాళిక ఏ ఒక్క చీమ తలలోనూ లేదు.

సామెతల రచయిత వేలాది ఏళ్ళ కింద పుట్ట పక్కన నిలబడి, పైనుంచి చూసి, ఇక్కడ మేస్త్రీ ఎవరూ కనబడటం లేదే అనుకున్నాడు. అతను చూసింది సరైనదే. మనం రాణి అని పేరు పెట్టడం వల్ల ఆ చీమకు కిరీటం, సింహాసనం వచ్చాయి కానీ, ఆ చీమ చేసే పని తల్లి పని.

పెద్దలకు

ఈ భాగం పిల్లలు చదివినా నష్టం లేదు.

పురుగుల ద్వారా విశ్వాసం నేర్పడం మన సండే స్కూళ్లలో పాత అలవాటు, మంచి అలవాటు. సొలొమోను చెట్ల గురించి, జంతువుల గురించి, పాకే పురుగుల గురించి మాట్లాడేవాడని 1 రాజులు 4:33లో ఉంది. కానీ మనం పిల్లలకు చెప్పే పురుగుల కబుర్లలో చాలా భాగం ‘ట’ కబుర్లు. వాటిని ‘ట’ తీసేసి చెబుతున్నాం. పన్నెండేళ్లకు ఆ పిల్ల బయాలజీ క్లాసులో కూర్చుంటుంది. మీరు తుమ్మెద గురించి చెప్పింది తప్పని అక్కడ తెలుస్తుంది. దేవుడి గురించి చెప్పిందీ అదే నోరు, అదే గొంతు. అప్పుడు ఆ పిల్ల రెండింటినీ ఒకే సంచిలో వేస్తే తప్పు ఆ పిల్లది కాదు.

తుమ్మెదతోనే మొదలుపెడదాం. సైన్సు లెక్క ప్రకారం తుమ్మెద ఎగరలేదు, దేవుడే ఎగిరిస్తున్నాడు అనే కబురు మీరూ వినే ఉంటారు. విమానం రెక్కలా కదలని రెక్క అనుకుని లెక్క వేస్తే ఎగరలేదని వస్తుంది. తుమ్మెద రెక్క ముందుకీ వెనక్కీ వేగంగా ఊగుతూ పై అంచున గాలి సుడి పుట్టిస్తుంది, ఆ సుడే దాన్ని పైకి లేపుతుంది. శాస్త్రవేత్తలకు ఇది తెలుసు. తెలియని చోట మాత్రమే దేవుణ్ణి పెడితే, తెలిసిన రోజు ఆయన్ని ఎక్కడ పెడతాం? ఆ సుడి ఎలా పనిచేస్తుందో చెప్పి, దానికి సృష్టికర్తను స్తుతించడం నేర్పండి.

ఈస్టరుకు సీతాకోకచిలుక బొమ్మ కత్తిరించి అంటించే అలవాటు గురించి మరికాస్త ఆలోచించాలి. గొంగళిపురుగు చనిపోయి, సమాధిలాంటి ప్యూపాలో ఉండి, సీతాకోకచిలుకగా లేచింది అని చెబుతాం. ప్యూపా చనిపోలేదు. దానికి ఊపిరి ఉంది, ముట్టుకుంటే కొన్ని కదులుతాయి కూడా. లోపల గొంగళి శరీరంలో చాలా భాగం కరిగిపోయే మాట నిజమే. కానీ రెక్కలకు, కాళ్ళకు కావలసిన చిన్న కణాల ముద్దలు గొంగళిపురుగులోనే ముందు నుంచీ ఉంటాయి, అవి పెరుగుతాయి. దీన్ని రూపవిక్రియ అంటారు. ప్యూపా నిజంగా చనిపోతే దానిలోంచి ఏమీ రాదు.

యేసు నిజంగా చనిపోయాడని సువార్తలు చెబుతున్నాయి, అక్కడ రాజీ లేదు. ప్యూపాను పునరుత్థానానికి పోలికగా చెబితే, తెలివైన పిల్లవాడు వేసే తరువాతి ప్రశ్న, అయితే యేసు కూడా నిజంగా చనిపోలేదా అని. మనం కోరుకున్న దానికి పూర్తిగా వ్యతిరేకం. అదే సీతాకోకచిలుకను 2 కొరింథీ 5:17 దగ్గర పెట్టండి, నూతన సృష్టి గురించి. బతికి ఉన్న ఒక ప్రాణే పూర్తిగా మారడం, ఆకులు కొరికే నోరు పోయి తేనె పీల్చే గొట్టం రావడం. అక్కడ పోలిక చక్కగా అతుకుతుంది. గోధుమ గింజ చావడం గురించి యోహాను 12:24లో ఉంది కదా, గింజ కూడా నిజంగా చావదు కదా అని ఎవరైనా అడిగితే, ఆ పిల్లను మెచ్చుకోండి. విత్తేవాడి కంటికి గింజ మట్టిలో కనబడకుండా పోతుంది, వెన్ను వస్తుంది. యేసు రైతు భాషలో రైతులకు చెప్పాడు. పోలిక వేరు, రుజువు వేరు అని చెప్పడానికి అదే సరైన సమయం.

చీమ విషయంలోనూ ఒక చిక్కుంది. చీమ క్షణం ఖాళీగా ఉండదు అని చెబుతుంటాం. బైబిల్లో ఆ మాట లేదు. అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక చిన్న రకం చీమల్ని రంగు చుక్కలు పెట్టి గమనిస్తే, పుట్టలో దాదాపు 40 శాతం ఎక్కువసేపు ఊరికే ఉన్నాయి. బాగా పనిచేసే వాటిని తీసేస్తే ఊరికే ఉన్నవాటిలో కొన్ని లేచి ఆ పని అందుకున్నాయి. గోర్డన్ గారి ఎర్ర చీమల్లోనైతే, బాగా ఎండగా, పొడిగా ఉన్న రోజుల్లో బయటికి వెళ్ళడం తగ్గించుకున్న పుట్టలకే ఎక్కువ పిల్ల పుట్టలు పుట్టాయి. వచనంలో ఉన్నది కాలం తెలుసుకోవడం, ఎవరూ చూడకపోయినా చేయడం. రాత్రి పదకొండు దాకా హోంవర్కు చేసే పిల్లకు, ఇంకా కష్టపడు అని చీమను చూపించకండి. ఆ పిల్లకు అవసరమైంది ఇదే అధ్యాయంలో లేదు, ఇంకెక్కడో ఉంది.

చిమ్మెట గురించి రెండు ముక్కలు. మత్తయి 6:19లో బట్టలు తినేది ఇదే. రెక్కల చిమ్మెట బట్ట తినదు, తినే నోరే దానికి లేదు. ఉన్ని, పట్టు కొరికేది దాని పిల్ల పురుగు. పట్టుచీరల మధ్య కలరా ఉండలు ఎందుకు పెడతారో అమ్మనడిగి తెలుసుకోమనండి.

చేద్దాం

ఒక నోటుబుక్కులో ఒక పేజీ నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటి దానికి ‘చూశాను’ అని, రెండో దానికి ‘చదివాను’ అని, మూడో దానికి ‘ట’ అని పేరు పెట్టండి. వారం రోజులు మీకు దగ్గర్లో ఉన్న ఒక చీమల బారును రోజుకు పది నిమిషాలు కనిపెట్టండి. ఏ రంగు, ఎన్ని, ఏం మోస్తున్నాయి, ఎదురుపడినప్పుడు ఏం చేస్తున్నాయి. రోజుకు మూడు వాక్యాలు తెలుగులో రాయండి. ‘చీమ అనుకుంటుంది’, ‘చీమకు సంతోషం వేసింది’ లాంటి వాక్యాలకు ఏ భాగంలోనూ చోటు లేదు, ఎందుకో మీరే చెప్పండి.

టెక్సాస్, అరిజోనా పిల్లలకు గింజల చీమలు నిజంగానే దొరకవచ్చు: గడ్డి లేకుండా గుండ్రంగా బోసిపోయిన నేల, మధ్యలో ఒక కన్నం. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు మెస్సార్ చీమలే ఇసుక నేలల్లో కనబడతాయి. దూరం నుంచే చూడండి, ఈ ఎర్ర చీమలు గట్టిగా కుడతాయి. కన్నం కనబడకుండా మెత్తటి మట్టి గుట్టలా ఉంటే అవి నిప్పు చీమలు, అసలు దగ్గరికి పోవద్దు. వంటింట్లోకి వచ్చే చీమలను చూసేవాళ్ళు అవి చలికాలానికి గింజలు దాస్తున్నాయని రాయకండి. అవి మీ పంచదార డబ్బా కోసం వచ్చాయి.

వారం తరువాత సామెతలు 6:6 నుంచి 8 వరకు మళ్ళీ చదవండి. ఈసారి చదివేది పిల్లలు. తరువాత ఈ వాక్యాల్లో అవసరమైన చోట ‘ట’ చేర్చి, అవసరం లేని చోట వదిలేసి పైకి చదవండి:

ఈరోజు మా మెట్ల దగ్గర ఎనిమిది చీమలు ఒక చచ్చిన ఈగను లాగాయి.
ఆ ఈగను పుట్టలో రాణికి ఇచ్చాయి.
మొగ్రిడ్జ్ మెంటన్‌లో పుట్టలు తవ్వి చూశాడు.
తాతయ్య చిన్నప్పుడు బెల్లం దిమ్మకు చీమలు పట్టాయి.
నేను బిస్కెట్ ముక్క వేసిన నాలుగు నిమిషాలకు మొదటి చీమ వచ్చింది.

నాలుగో వాక్యం తాతయ్యే చదివితే ‘ట’ కావాలా, వద్దా?